గోడ పెళ్లల తూకం

ఇసుక బస్తాల లారీ ఘాట్ కిందే ఆగిపోయిందని కబురు వచ్చింది. ఎందుకు ఆగిందో మా జీలుగుపుట్టులో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఆ లారీవాడు కాంట్రాక్టరు కృష్ణమూర్తి మనిషి. మట్టి పరీక్ష ఆగితే మంచి జరిగేది కూడా కృష్ణమూర్తికే.

రెండేళ్ల కిందట శ్రావణం ముసురులో మా ఊరి ఆడపిల్లల హాస్టలు గోడ కూలింది. ముగ్గురు పిల్లలు పోయారు. అందులో సోములమ్మ మనవరాలు చిట్టి ఒకతె, యర్రయ్య కూతురు కృపావతి ఒకతె. హాస్టలు కట్టిన కృష్ణమూర్తి అప్పుడే ఒక కాగితం తీసి అందరికీ చూపించాడు. నాలుగేళ్ల కిందట, హాస్టలు కట్టే ముందు చేసిన పరీక్షలో ఈ నేల చదరపు మీటరుకు పాతిక టన్నులు మోస్తుందని తేలినట్టు అందులో ఉంది. నేల మంచిదే, గోడ మంచిదే, తప్పంతా వానదేనన్నాడు. మేం కాళ్లరిగేలా తిరిగితే రెండేళ్లకు విచారణాధికారి కదిలి, మళ్లీ పరీక్ష చేయమని ఒక కాలేజీ నుంచి వెన్నెల అనే ఇంజనీరమ్మను పంపాడు. ఆమెకు ఇచ్చింది ఒక్క రోజు. కృష్ణమూర్తి కూడా వచ్చి, గొడుగు కింద కుర్చీ వేయించుకున్నాడు.

కూలిన గోడ పక్కనే, పునాది లోతున గొయ్యి తీసి, అడుగు పొడవు అడుగు వెడల్పు ఉన్న ఇనప పలక పరిచారు. దాని మీద జాకీ. జాకీ పలకను నేలలోకి నొక్కుతుంది. పలక ఎంత కుంగిందో పక్కనున్న గడియారం లాంటి ముల్లు చెబుతుంది. అయితే జాకీ కిందికి నొక్కాలంటే దాని నెత్తిన ఎత్తలేనంత బరువు ఉండాలి కదా. కాగితం మాట నిజమో కాదో తేల్చాలంటే అందులో ఉన్నదానికి రెండింతల పైనే నొక్కి చూడాలి, ఆ పలకకు ఆరు టన్నులు కావాలంది వెన్నెల. ఉన్నది ఇసుక బస్తాలు పేర్చడానికి జాకీ మీద వేసిన ఉత్తి ఇనప దూలాల మంచె.

బరువు రాలేదని రాసుకుని దిగిపొమ్మని కృష్ణమూర్తి ఆమెకు మెత్తగా సలహా చెప్పాడు. చీకటి పడితే ఘాట్ రోడ్డు మంచిది కాదని కూడా అన్నాడు.

గొయ్యి ఒడ్డున గొంతుక్కూర్చున్న సోములమ్మ లేచి హాస్టలు వైపు చూసింది. కూలిన గోడ పెళ్లలు కూలినచోటే ఉన్నాయి.

"బరువుకేటి కరువు పాపా? ఈ బాబు ముందే తెచ్చి పడేసి ఉంచాడు."

వెన్నెల కాసేపు ఆలోచించి, గోడను అన్ని పక్కల నుంచీ ఫోటోలు తీసుకుని, సరేనంది. యర్రయ్య ఇంటి నుంచి కాఫీ గింజలు తూచే కాటా వచ్చింది. సంతల్లో మోసపోయి మోసపోయి మా వాళ్లకు ఇంకేది రాకపోయినా తూకం చూడటం వచ్చింది. ఒక్కో పెళ్ల కాటా ఎక్కడం, వెన్నెల దాని మీద సుద్దతో అంకె వేయడం, ఆడవాళ్లు కొంగు చుట్టగా చేసి నెత్తికెత్తుకోవడం. కొన్నింటికి ఇంకా నీలం రంగు ఉంది. ఒకదాని మీద ఏడో ఎక్కం సగం ఉంది.

గొయ్యికి దగ్గర దారి వేరే ఉంది. యర్రయ్య మాత్రం ప్రతిసారీ కృష్ణమూర్తి కుర్చీ ముందు నుంచే పోయాడు. పోతూ ఆగి, మర్యాదగా లెక్క చెప్పాడు.

"ముప్పై రెండు కిలోలు బాబూ."

మళ్లీ వచ్చాడు. "ఇది ఇరవై తొమ్మిది. కొంచెం తక్కువే, ఏటీ అనుకోకండి."

కృష్ణమూర్తి కుర్చీ రెండుసార్లు జరిపించాడు. యర్రయ్య దారీ రెండుసార్లు జరిగింది. అందరికంటే ఎక్కువ మోసింది సోములమ్మ. అంబలి తాగమన్నా ఆగలేదు.

మధ్యాహ్నానికి ఆరు టన్నులు నిండాయి. వెన్నెల జాకీ తిప్పించింది. కొంత నొక్కడం, ముల్లు నిలిచేదాకా ఆగడం, మళ్లీ కొంత నొక్కడం. బరువు ముప్పాతిక టన్నుకు వచ్చాక ముల్లు ఇక నిలవలేదు. మేం చూస్తుండగానే పలక తడిపిండిలో పళ్లెంలా దిగిపోయింది.

"పాతిక కాదు," అంది వెన్నెల. "చదరపు మీటరుకు ఎనిమిది టన్నుల దగ్గరే చేతులెత్తేసింది."

మాకు అది కొత్త సంగతి కాదు. కొండ మీంచి పారే గెడ్డ ఒడ్డున వరి మడిని కప్పి హాస్టలు కట్టారని పుట్టిన పిల్లకు కూడా తెలుసు. కానీ కృష్ణమూర్తి ముఖం మారలేదు. లేచి చొక్కా సర్దుకున్నాడు.

"అప్పుడు ఇక్కడే పరీక్ష చేశాం, గట్టిగానే ఉంది. రెండేళ్లు గెడ్డ నీరు ఊరితే ఏ నేలైనా మెత్తబడుతుంది. కాదనేవాళ్లుంటే రుజువు చూపించమనండి."

వెన్నెల పుస్తకం మూసింది. ఈ రోజు నేల ఎలా ఉందో జాకీ చెబుతుంది. నాలుగేళ్ల కిందట ఎలా ఉందో ఏ జాకీ చెప్పదు. కృష్ణమూర్తి డ్రైవర్ని పిలిచాడు.

"నాను కాదంతాను," అంది సోములమ్మ.

ఎవరి కోసం ఆగకుండా మెట్ట ఎక్కడం మొదలుపెట్టింది. వెనకే అందరం ఎక్కాం. ఎనభై అడుగులు పైకి పోతే గునపం దిగని ఎర్ర రాతి నేల. గడ్డి కూడా సరిగ్గా మొలవని ఆ చోట మనిషెత్తు పనస మొక్క ఒకటి ఉంది. దాని పక్కన నిలబడింది.

"పరీక్ష సేసింది ఇక్కడ. గొయ్యి తవ్వింది నాను."

మా ఊళ్లో ఒక పట్టింపు ఉంది. భూమిని తెరిచి ఇల్లు కట్టకుండా ఉత్తి గొయ్యి మూయకూడదు, మూస్తే అది మనిషిని అడుగుతుంది. అందుకే మూసే ముందు ఒక గింజ వేస్తాం. ఆ రోజు పలక తీయగానే బేగి పూడ్చమని కృష్ణమూర్తి తొందర పెట్టాడట. అతను అటు తిరగగానే సోములమ్మ తాను తిన్న పనస తొనలోని పిక్కను అందులో వేసి మట్టి లాగిందట.

కొండ మీద మొక్క మొలిస్తే సాక్ష్యమా అని కృష్ణమూర్తి నవ్వాడు. వెన్నెల నవ్వలేదు. గునపం తీసుకుని మొక్క చుట్టూ పొడుచుకుంటూ పోయింది. ఐదడుగుల మేర మెత్తగా దిగిన గునపం, ఆ గీత దాటగానే ఖంగుమంది. నాలుగు పక్కలా అంతే. ఆమె సున్నంతో గీత గీస్తే సరిగ్గా నలుచదరం తేలింది, కింద తీసిన పరీక్ష గొయ్యి అంతే.

యర్రయ్య సోములమ్మకు ఎదురొచ్చి నిలబడ్డాడు.

"నీకు తెలుసా వదినా? మరి అప్పుడెందుకు నోరెత్తలేదు?"

"సిట్టికి హాస్టల్లో సీటు ఇప్పిత్తానన్నాడు." ఆమె తల దించలేదు. "ఇప్పించాడు."

చుట్టూ ఉన్నవాళ్లు ఒకడుగు వెనక్కి వేశారు. కృష్ణమూర్తి ఒక్కడే ఆమె దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి చెప్పాడు.

"నీ పేరు కూడా కేసులోకి ఎక్కుతుంది ముసలమ్మా. ఆలోచించుకో."

"ఎక్కనీ బాబూ. నిన్నెక్కించిన పోలీసు జీపులోనే నన్నూ ఎక్కించమంతాను. దారి పొడుగునా నీ పక్కనే కూకుని సిట్టి కబుర్లు సెప్తాను. సివరిదాకా ఇనాల."

అతను వెంటనే జీపు ఎక్కి వెళ్లిపోయాడు. వెన్నెల ఆమె చెప్పిందంతా రాసి, చదివి వినిపించి, కావాలంటే సీటు మాట తీసేస్తానంది. తీయొద్దని చెప్పి సోములమ్మ వేలిముద్ర వేసింది. రేపు అధికారిని తీసుకొస్తాననీ, అప్పటిదాకా ఈ మొక్కను ఎవరూ ముట్టుకోకుండా చూడమనీ చెప్పి వెన్నెల కూడా ఘాట్ దిగింది.

కృష్ణమూర్తి జీపు పోయింది గానీ, దానిలో వచ్చిన ఇద్దరు మనుషులు టీ బడ్డీ దగ్గరే ఉండిపోయారు. మాటిమాటికీ మెట్ట వైపు చూస్తున్నారు. సోములమ్మ కొడవలి తెచ్చుకుని సున్నం గీత మీద కూర్చుంది. ఊళ్లోవాళ్లు ఒక్కొక్కరే దిగిపోయారు. ఆమెతో ఒక్కరూ మాట్లాడలేదు.

పొద్దు వాలుతుండగా యర్రయ్య గొడ్డలి పట్టుకుని మెట్ట ఎక్కాడు. టీ బడ్డీ వైపు ముఖం పెట్టి, మొక్కకు ఆ పక్కన కూర్చున్నాడు. సోములమ్మ ఏదో అనబోయింది.

"మాటాడకు," అన్నాడు. "నాను మొక్క కోసం వచ్చినాను. నీ కోసం కాదు."