చికోరీ లేని గుక్క

జ్వరం తగ్గి ఆరు నెలలైనా అమలకు వాసనా రుచీ తిరిగి రాలేదు. ఆ సంగతి తల్లి కృపామణికి తప్ప ఎవరికీ తెలియదు. తిరుపతిలో దేవనాథన్ కాఫీపొడి అంగడిలో అమల పనేమో, వచ్చినవాళ్లకు చిన్న గ్లాసుల్లో డికాషన్ పోసి ఏ గింజ రుచి ఎలా ఉంటుందో చెప్పడం. పాత జ్ఞాపకంతోనే నెట్టుకొస్తోంది.

కృపామణికి అన్నీ భయాలే. గ్యాసు లీకైతే పిల్లకు తెలియదు. పాచిపోయిన కూరైనా తినేస్తుంది. అందుకే రోజూ మధ్యాహ్నం తనే అంగడికి క్యారియర్ తెచ్చి, గిన్నె గిన్నె వాసన చూసి పెట్టేది. అమ్మ బాగుందంటే తినడం, పాడైందంటే పారబోయడం అమలకు అలవాటైపోయింది.

ఆ రోజు క్యారియర్ విప్పబోతుంటే, వాడుకగా పొడి కొనే నారాయణి మామి వచ్చింది. అమల రెండు గ్లాసులు పెట్టింది.

“ఇది చికోరీ కలిపింది మామీ, చిక్కగా చేదుగా ఉంటాది. ఇది ఏమీ కలపని వట్టి పీబెర్రీ గింజ. మొదట సన్నంగా పులుపు, మింగినాక తీపి.”

“సన్నంగానా? నోరు జివ్వుమంటా ఉండాది! పాత పొడేమైనా అంటగడతా ఉండావా?”

అమల ముఖం పాలిపోయింది. మరో గ్లాసులో కాస్త పోసి తల్లి చేతికిచ్చింది.

బుద్ధెరిగినప్పట్నుంచీ కృపామణి తాగింది సగానికి సగం చికోరీ కలిపిన కాఫీయే. ఆ పులుపు నాలుకకు తగలగానే పాడైందనుకుంది. తాగినవాళ్లకు వాంతులైతే? పోలీసులొస్తే? ప్రభువా!

“పారబోసెయ్ మే, పాసిపోయినాది,” అని గొణిగింది.

“తప్పయిపోయింది మామీ, చెడిపోయినాది,” అంటూ అమల ఫిల్టరులోదంతా తొట్టిలో వంపేసింది.

దేవనాథన్ గల్లా దగ్గర్నుంచి లేచి వచ్చాడు. కృపామణి గ్లాసులో మిగిలింది ఎత్తి నోట్లో పోసుకున్నాడు.

“పొద్దున నేనే వేయించిన గింజ కదమ్మా! ఇంతకంటే మంచిది ఈ అంగట్లో లేదు. నువ్వు తాగి సూసే చెప్పినావా?”

అమల తల దించుకుంది. “నాకు తెలీదు సామీ. ఆరు నెల్లుగా ఏ రుచీ తెలీదు.”

ఆయన అరవలేదు. అరిచినా బాగుండేదనిపించింది కృపామణికి.

“రేపట్నించి లోపల పొట్లాలు కట్టు తల్లీ,” అన్నాడు మెల్లగా.

తల్లీకూతుళ్లు అంగడి మెట్టు మీద కూర్చున్నారు. క్యారియర్ మూత ఎవరూ తీయలేదు.

“నా నోరు పడిపోను. నీ పని నేనే పోగొట్టినాను మే.”

“ఊరుకోమా. అదెట్లుండాదో చెప్పు.”

“ఏది?”

“ఆ కాఫీ. మర్చిపోతా ఉండాను.”

కృపామణి నాలుకతో పెదవులు తడిమింది. “మొదుట పులుపే. లేత మామిడికాయ మాదిరి...” ఆగిపోయింది. పులుపు ఎప్పుడో పోయింది. కూతురు మామికి చెప్పినట్టే, నాలుక మీద సన్నటి తీపి నిలిచి ఉంది.

“తీపుండాది మే,” అంది.

అమల కళ్లు మూసుకుంది.

“ఇంకా?”