మడి వంటింట్లో ఇంగ్లీషు

"తాలూకాఫీసులో ఫైళ్ళు మోసే పనికి నా కూతురు వెళ్ళదు. పొద్దుట్నుంచి చెప్తూనే ఉన్నాను," అన్నాడు నరసింహం, వంటింటి గడప ఇవతల పీట మీద కూర్చుని.

"మీరు చెప్తూనే ఉన్నారు, మేం వింటూనే ఉన్నాం," అంది భార్య బాలసరస్వతి. "సోమవారం చేరకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చీస్తారట. అదీ కాస్త వినండి."

టెక్కలిలో క్లర్కు ఉద్యోగం. కూతురు ఆండాళ్ పరీక్ష రాసి తెచ్చుకున్నది. కాశీబుగ్గలో బస్సెక్కితే సాయంత్రానికి మళ్ళీ ఇంట్లో ఉండొచ్చు. నరసింహానికి బస్సు మీద కోపం లేదు, టెక్కలి మీదా లేదు. తను హైస్కూల్లో ఇంగ్లీషు మేష్టరు; అలాంటి తన కూతుర్ని వీధిలో వాళ్ళు క్లర్కమ్మ అంటారని బెంగ.

ఇంగ్లీషు మాటల పుట్టుపూర్వోత్తరాలు చెప్పడంలో ఆయనకు పెద్ద పేరు. ఆ విద్య బడిలో ఎవరికి పనికొచ్చిందో గాని, ఇంట్లో మాత్రం పనికొచ్చింది. ఆయన అక్క రత్నాలమ్మ చిన్నతనంలోనే భర్త పోయి పుట్టింటికి వచ్చిన మనిషి. మడి వంటిల్లు ఆమెది. ఇంగ్లీషు పేరున్న వస్తువేదీ గోత్రం చెప్పందే గడప దాటకూడదు. చెప్పే పూచీ తమ్ముడిది. క్యాబేజీ అన్న మాటకు మొదట్లో తలకాయ అని అర్థమని ఒకసారి నిజం చెప్పాడు. రత్నాలమ్మ దాన్ని ఆ క్షణమే పనిమనిషికి ఇచ్చి పంపేసింది. అప్పట్నుంచి ఆయన జాగ్రత్తపడ్డాడు. కాఫీ అరబ్బుల మాటని తెలిసి కూడా, 'కపి' నుంచి పుట్టిందన్నాడు. ఆంజనేయస్వామి మాట వచ్చాక ఆమె ఇంకేమీ అడగలేదు.

ఇప్పుడు అడిగింది. "ఇంతకీ ఆ క్లర్కుది ఏ గోత్రమే?"

"పూజారులది అత్తా," అంది ఆండాళ్ కూర తరుగుతూ. "పూర్వం వాళ్ళ దేశంలో చదవడం రాయడం చర్చిల్లో పూజారులకే వచ్చునట. తరవాత రాతపని చేసేవాళ్ళందరికీ ఆ పేరే ఉండిపోయింది. నాన్నగారు ఏటా క్లాసులో చెప్పేదే."

"అది ఎప్పటి సంగతి," అన్నాడు నరసింహం. "మాట పుట్టుక వేరు, వాడుక వేరు. ఇవాళ జనం ఏమనుకుంటున్నారో అదే అర్థం. పుట్టుక పట్టుకుని వేలాడితే ఎలాగ?"

రత్నాలమ్మ పొయ్యి మీంచి కాఫీ గిన్నె దింపి గడప అవతల పెట్టింది.

"సరస్వతీ, ఇది పెరట్లో పారబోసీ. రేపట్నుంచి ఈ పొయ్యి మీద కాయక్కర్లేదు."

"అదేటక్కా?" అన్నాడు నరసింహం.

"పుట్టుక చూడక్కర్లేదన్నావు కదరా. ఇవాళ జనం దీన్ని ఏటనుకుంటన్నారో నాకూ తెలుసు. హోటలు నీళ్ళనుకుంటన్నారు."

"అన్నిటికీ ఒకటే సూత్రం కాదక్కా."

"మరి ఏ మాటకి పుట్టుక చూడాలి, దేనికి చూడక్కర్లేదు? అదెవరు చెప్తార్రా, నువ్వేనా?"

కాఫీ పెరట్లో అరటి మొదట్లోకి పోయింది.

హోటల్లో కాఫీ గ్లాసు ముట్టనని శిష్యులందరి దగ్గరా గొప్పగా చెప్పుకున్న మనిషి. మర్నాడు బడినుంచి తలకి తువ్వాలు బిగించుకుని వచ్చాడు. బాలసరస్వతి తలనొప్పికి శొంఠి అరగదీసి ఇచ్చింది.

సాయంత్రం అందరూ భోజనాల దగ్గర ఉన్నప్పుడు, విస్తరిలోంచి తలెత్తకుండా మెల్లగా అన్నాడు:

"సోమవారం ఆండాళ్ టెక్కలి వెళ్ళి చేరుతుంది. మొదటి రోజు నేనే దిగబెడతాను. వీధిలో ఎవరైనా అడిగితే మీరేం మాట్లాడకండి. క్లర్కుది ఏ గోత్రమో చెప్పే పని నాకొదిలీండి."