అమ్మమ్మ ఓటు

లిఫ్టు మెకానిక్‌కి ఏడాదికి ఒక్కసారే వారం రోజులు వరసగా సెలవు దొరుకుతుంది. ఈసారి ఆ వారంలో సముద్రం పక్కనున్న ఒక ఊరికి వెళ్దామని నెల ముందే రైలు టిక్కెట్లు తీసుకున్నారు. మొత్తం మూడు రోజులు. రెండు రోజులు సముద్రానికి పోగా మూడో రోజు పిల్లల కోసమని అట్టేపెట్టారు. చిక్కంతా ఆ మూడో రోజు దగ్గరే వచ్చింది.

ఆ ఊళ్లో పార్కులు రెండున్నాయి. ఒకటి నీళ్ల పార్కు. అందులో మోకాలి లోతు కొలను, దానిలో మిషను పుట్టించే అలలు, గట్టున గొడుగుల కింద కుర్చీలు. రెండోది చక్రాల పార్కు. అక్కడి రోలర్ కోస్టర్ మనిషిని కూర్చోబెట్టి, కట్టేసి, మూడుసార్లు తలకిందులు చేసి వదిలిపెడుతుంది. ఒకటి ఊరికి ఆ కొసన, ఇంకోటి ఈ కొసన. ఒక్కరోజులో రెండూ చూడటం జరిగే పని కాదు.

"చక్రాల పార్కే," అంది పెద్దపిల్ల. పదమూడేళ్లది, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. ఆ రోలర్ కోస్టర్ వీడియో ఎన్నిసార్లు చూసిందో, ఎక్కడ ఎవరు కెవ్వుమంటారో దానికి నోటికి వచ్చు.

"చక్రాల పార్కే," అంది చిన్నపిల్ల. ఏడేళ్లది. ఇంట్లో అందరూ బుడంకాయ అని పిలుస్తారు. అక్క ఏమంటే తనూ అదే అనడం దాని పద్ధతి.

"ఆ ఎండలో లైన్లో నిలబడి చావాలి. అక్కడ చెట్టన్నదే లేదట," అంది తల్లి. ఆవిడ ఒక ల్యాబులో రక్తం తీసే పని చేస్తుంది. చీమ కుట్టినట్టుంటుందంతే అని రోజుకు వందమందికి ధైర్యం చెప్పే మనిషి. "నీళ్ల పార్కయితే హాయిగా కాళ్లు నీళ్లలో వేసుకుని కూర్చోవచ్చు."

"అంతే అంతే," అన్నాడు మెకానిక్ వెంటనే. "అసలా బండిని రోజూ చూసుకుంటారో లేదో! ఒక్క బోల్టు వదులైతే చాలు. మెషిన్ల సంగతి నాకు తెలుసు."

పెద్దపిల్ల తండ్రి వైపు అనుమానంగా చూసింది. "నాన్నా, నువ్వు ఇరవయ్యో అంతస్తులో లిఫ్టు నెత్తిమీద నిలబడి పని చేస్తావు కదా?"

"అది వేరు."

"ఎలా వేరు?"

"వేరంటే వేరే. అన్నం తిను."

ఇలా అటు ఇద్దరు, ఇటు ఇద్దరు అయ్యారు. ఇక మిగిలింది అమ్మమ్మ. ఆవిడ ముప్పై ఏళ్లు సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరైంది. నాలుగేళ్లుగా కూతురి దగ్గరే ఉంటోంది. ఇంట్లో మెల్లగా మాట్లాడినా వీధి చివరికి వినిపించే గొంతు. నాలుగు జతల కళ్లు ఒక్కసారి తనవైపు తిరిగేసరికి ఆవిడ తీరిగ్గా మంచినీళ్లు తాగి గ్లాసు కింద పెట్టింది.

"ఆదివారం సాయంత్రం చెబుతా. నా ఓటు నా ఇష్టం."

అది బుధవారం. అక్కణ్ణించి ఆవిడ నక్కతోక తొక్కినట్టే అయింది. పెద్దపిల్ల పొద్దున్నే అడక్కుండానే టీ తెచ్చి ఇచ్చింది, కళ్లజోడు తుడిచి పెట్టింది. బుడంకాయ పక్కన కూర్చుని, "అమ్మమ్మా, నీ జుట్టులో తెల్లవాటికంటే నల్లవే ఎక్కువున్నాయి," అని లెక్కపెట్టకుండానే తేల్చేసింది. కూతురు కొత్త దిండు తెచ్చింది. ఆరు నెలల నుంచి కిర్రుకిర్రుమంటున్న ఆవిడ గది ఫ్యానును మెకానిక్ పది నిమిషాల్లో బాగుచేసి, ఎవరూ చెప్పకుండానే తలుపు గడియకు నూనె కూడా వేశాడు. అమ్మమ్మ ఎవరికీ ఔననలేదు, కాదనలేదు. గోడమీద పిల్లిలా కూర్చుని అన్నీ అందుకుంది.

శుక్రవారం సాయంత్రం ఆవిడ బాల్కనీలో ఆరిన బట్టలు తీస్తుంటే మెకానిక్ వచ్చి పక్కన నిలబడ్డాడు. తీగ మీది క్లిప్పులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేయడం మొదలుపెట్టాడు.

"అత్తయ్యగారూ, మీతో ఒక మాట."

"చెప్పండి బాబూ. ఎప్పుడూ లేంది క్లిప్పులు తీస్తుంటేనే అనుకున్నా."

అతను వెనక్కి తిరిగి ఎవరూ లేరని చూసుకున్నాడు. "నాకు... ఆ రోలర్ కోస్టరంటే భయమండీ."

ఆవిడ చేతిలో దుప్పటి చేతిలోనే ఉండిపోయింది. "మీకా?"

"నవ్వకండి. లిఫ్టు మీద నిలబడ్డప్పుడు దాన్ని ఆపే బటన్ నా చేతిలో ఉంటుంది. నేను కదలమంటేనే కదులుతుంది. వాడెవడో నన్ను కుర్చీకి కట్టేసి, ఎక్కడో కూర్చుని మీట నొక్కితే... తలుచుకుంటేనే నాకు చేతులు చల్లబడిపోతాయి. జెయింట్ వీల్ కూడా ఎక్కను. మీ అమ్మాయికి తెలీదు. పధ్నాలుగేళ్లుగా ఏదో ఒక వంక చెప్పి తప్పించుకొస్తున్నా. పిల్లలేమో నాన్నకి ఎత్తంటే లెక్కే లేదని స్కూలంతా చెప్పుకున్నారు."

ఆవిడ దుప్పటి రెండో కొస అతని చేతికిచ్చింది. ఇద్దరూ కలిసి మడతపెట్టారు.

"ఎవరికీ చెప్పనులెండి. దిగులు పడకండి," అంది.

మర్నాడు కూతురు కూడా తల్లి గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. అరగంట తర్వాత బయటికొచ్చినప్పుడు ఆవిడ మొహం తేటగా ఉంది. లోపల ఏం మాట్లాడుకున్నారో ఆ రోజు ఎవరికీ తెలియలేదు.

ఆదివారం సాయంత్రం అందరూ హాల్లో చేరారు. టిక్కెట్లు కొనడానికి పెద్దపిల్ల ఫోను పట్టుకుని సిద్ధంగా ఉంది. అమ్మమ్మ చీర సర్దుకుని కూర్చుంది.

"చక్రాల పార్కు," అంది.

పిల్లలిద్దరూ ఎగిరి గంతేశారు. మెకానిక్ కక్కలేక మింగలేక అత్తగారి వైపు చూశాడు. అతని భార్య కూడా అదే చూపు చూసింది కానీ, ఒకరినొకరు గమనించుకునే స్థితిలో ఇద్దరూ లేరు.

"అమ్మా! నీకెందుకే ఈ వయసులో?" అంది కూతురు.

"ఈ వయసులో కాకపోతే ఇంకెప్పుడే? ముప్పై ఏళ్లు బస్సులో నిలబడి ఊరంతా తిరిగాను. గుంట వచ్చినా, మలుపు వచ్చినా, డ్రైవరు బ్రేకు కొట్టినా కిక్కురుమనకుండా నిలబడ్డాను. యూనిఫాం వేసుకుని కెవ్వుమంటే జనం నవ్వరూ? ఒక్కసారి కూర్చుని, కడుపునిండా అరవాలనుంది నాకు."

పెద్దపిల్ల అప్పటికప్పుడే టిక్కెట్లు కొనేసింది. కూతురు మాత్రం సోమవారం తల్లిని ల్యాబుకు తీసుకెళ్లి బీపీ చూపించి, గుండె పరీక్ష కూడా చేయించింది. రెండూ నిక్షేపంగా ఉన్నాయి. ఆ కాగితం చూసి నిట్టూర్చింది కూడా.

సముద్రం దగ్గర రెండు రోజులు ఇట్టే గడిచాయి. మూడో రోజు పదింటికల్లా చక్రాల పార్కు గేటు దగ్గరున్నారు. నిజంగానే చెట్టన్నది లేదు. లోపలికి అడుగుపెట్టగానే పైనుంచి గడగడమని చప్పుడు, దాని వెనకే ముప్పై మంది కేకలు. మెకానిక్ టోపీ కిందికి లాక్కున్నాడు.

రోలర్ కోస్టర్ లైను మొదట్లో ఒక చెక్క జిరాఫీ బొమ్మ ఉంది. దాని చాచిన చెయ్యి కంటే పొడుగున్నవాళ్లకే లోపలికి ప్రవేశం. పెద్దపిల్ల దర్జాగా దాటింది. బుడంకాయ మునివేళ్ల మీద నిలబడింది, మెడ సాచింది, ఊపిరి బిగబట్టింది. అయినా జిరాఫీ చెయ్యి దాని నెత్తికి నాలుగు వేళ్ల పైనే ఉండిపోయింది.

"ఇంట్లో అక్క కొలిచినప్పుడు సరిపోయానుగా!" అంది, కళ్లలో నీళ్లు తిరుగుతుంటే.

పెద్దపిల్ల బూట్ల వంక చూసుకుంది. "అప్పుడు నీ నెత్తిన కొప్పుంది," అని గొణిగింది. చెల్లి ఓటు కోసం కొప్పును కూడా కలిపి కొలిచిందని అప్పుడు బయటపడింది.

"అయ్యో నా తల్లీ! ఏడవకు. నేనుంటాగా నీ దగ్గర," అన్నాడు మెకానిక్ ఒక్క అంగలో వచ్చి, బుడంకాయ కుడిచెయ్యి పట్టుకుని.

"మీరెందుకు? మీరు వెళ్లండి. నేనుంటా," అంది భార్య ఎడమచెయ్యి పట్టుకుని.

"పాపం, నువ్వు ఏడాదంతా కష్టపడతావు. వెళ్లి సరదాగా ఎక్కు."

"మీరు మాత్రం కష్టపడరా? వెళ్లండి, పెద్దది మీ కోసం చూస్తోంది."

"నాకు అక్కర్లేదులే."

"నాకూ అక్కర్లేదు!"

బుడంకాయను ఒకరు అటు, ఒకరు ఇటు లాగుతున్నారు. వెనక లైన్లో ఉన్నవాళ్లు వింతగా చూస్తున్నారు. భార్య గొంతు తగ్గించింది. "బయల్దేరే ముందు అమ్మ నాకు మాటిచ్చింది. చిన్నది ఎలాగూ అందదు, దాని దగ్గర నువ్వుందువుగానిలే అంది."

మెకానిక్ నోరు తెరిచాడు. "నాకూ అదే మాటిచ్చారు! రైల్లో!"

ఇద్దరూ చిన్నదాని చేతులు వదిలేసి అమ్మమ్మ వైపు తిరిగారు. ఆవిడ చేతిసంచి కూతురి మెడలో వేస్తూ, "ఇంట్లో తలుపు దగ్గర నేను మళ్లీ కొలిచాలెండి, కొప్పు లేకుండా," అంది. "ఇద్దరూ వచ్చి చెరొక చెవిలో చెబితే నేనేం చెయ్యను? ఇద్దరికీ ఒకటే భయం. ఒకరికొకరు చెప్పుకోవడానికి మాత్రం సిగ్గు. పద పెద్దదానా, మన వంతొచ్చింది."

అమ్మమ్మా మనవరాలూ లోపలికి వెళ్లిపోయారు. మొగుడూ పెళ్లాలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నువ్వా? రోజంతా సూదులు గుచ్చేదానివి!"

"గుచ్చేది నేను. గుచ్చించుకునేది వాళ్లు," అంది ఆవిడ. ముందు ఎవరు నవ్వారో గానీ, ఇద్దరూ జిరాఫీ బొమ్మను పట్టుకుని నవ్వారు. బుడంకాయ ఏమీ అర్థం కాక ఏడుపు మానేసింది.

బండి కదిలింది. ముందు వరసలో అమ్మమ్మ, పక్కన పెద్దపిల్ల. టకటకమని చప్పుడు చేస్తూ గొలుసు మీద పైకి పాకింది. సరిగ్గా కొసకు నాలుగు బారల దూరంలో ఆగిపోయింది.

కింద జనం గోలగోలగా తలలెత్తారు. భార్య మెకానిక్ చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఏవండీ, ఏమైందండీ?"

మెకానిక్ అప్పటికే టోపీ వెనక్కి తోసి చూస్తున్నాడు. అతని గొంతు మారిపోయింది. ఇప్పుడు అది డ్యూటీలో ఉన్న మనిషి గొంతు. "కంగారు పడకు. ఆ టకటక విన్నావా? బండి కింద కొక్కెం పళ్ల పట్టాలో ఒక్కో పన్ను దాటుతున్న చప్పుడది. వెనక్కి జారమన్నా జారదు. అదిగో, ఎవరిదో టోపీ ఎగిరి పట్టాల మీద పడింది. అది చూసి, బండి నడిపే ఆ గాజు గదిలో అబ్బాయి ఆపే బటన్ నొక్కాడు. బండి ఆగిందంటే అన్నీ బాగానే పనిచేస్తున్నాయన్నమాట." చుట్టూ నిలబడ్డవాళ్లు కూడా దగ్గరికి జరిగి విన్నారు. తను చెప్పింది అందరితోపాటు తనూ విన్నాడు మెకానిక్. ఆపే బటన్ ఉంది, దాని మీద చెయ్యి వేసుకుని ఒక మనిషి కళ్లార్పకుండా కూర్చున్నాడు.

అంతలో పైనుంచి ఒక గొంతు మైకు లేకుండానే పార్కంతా వినిపించింది.

"ఎవరూ కదలకండి! వెనక సీట్లో ఎర్రచొక్కా, నీకే చెబుతున్నా, కుదురుగా కూర్చో! పక్కపిల్ల ఏడుస్తుంటే ఫోటోలు తీస్తావేం? చెయ్యి పట్టుకో!"

"మా అమ్మే," అంది భార్య పక్కావిడతో.

పనివాడొకడు మెట్లెక్కి వెళ్లి టోపీ తీశాడు. పది నిమిషాల తర్వాత బండి మళ్లీ కదిలి, కొసనెక్కి, అక్కణ్ణించి కిందికి దూకింది. మూడుసార్లు తలకిందులైంది. అందరి కేకలూ వినిపించాయి, అమ్మమ్మ గొంతు తప్ప.

ఆవిడ దిగి వచ్చింది. జుట్టంతా రేగిపోయింది. మొహం మాత్రం మాడిపోయి ఉంది.

"అరవలేదేం అమ్మా?"

"ఎలా అరవనే? వెనక ముప్పై మందిని ఊరుకోబెడుతూ వచ్చా. వాళ్లకి ధైర్యం చెప్పి నేను అరిస్తే బావుంటుందా? ఇక్కడా డ్యూటీయే అయింది నాకు!"

బండి ఆగినందుకు అందులో ఉన్నవాళ్లందరికీ ఇంకోసారి ఉచితంగా తిప్పుతామని పార్కువాళ్లు చెప్పారు. పెద్దపిల్లకి కడుపులో తిప్పుతోందట, కాసేపు కూర్చుంటానంది. దాని సీటు ఖాళీ.

మెకానిక్ టోపీ తీసి భార్య చేతికిచ్చాడు. "పదండి అత్తయ్యగారూ. ఈసారి వెనకవాళ్ల సంగతి నేను చూసుకుంటా. మీరు అరవండి."

"మీరా?" అన్నారు తల్లీకూతుళ్లు ఒకేసారి.

బండి పైకి పాకుతున్నంతసేపూ అతను టకటకలు లెక్కపెట్టుకున్నాడు. డెబ్బై మూడు దాకా గుర్తుంది. తర్వాత కాళ్ల కింద భూమి లేదు, నెత్తిమీద ఆకాశం లేదు, పక్కనుంచి మాత్రం ముప్పై ఏళ్ల అరుపు ఒక్క గుక్కలో బయటికొచ్చింది. దానికి తన అరుపు కూడా తోడైందని అతనికి దిగాకే తెలిసింది, గొంతు పూర్తిగా పోవడంతో.

దిగాక అతను మెట్ల పక్క కమ్మీ పట్టుకుని వచ్చాడు. భార్య చెయ్యి అందించి బెంచీ మీద కూర్చోబెట్టింది.

"ఎలా ఉంది?"

"చీమ కుట్టినట్టు," అన్నాడు బొంగురుగా.

"నిజం చెప్పండి."

"తేలు. కానీ బతికే ఉన్నా."

అమ్మమ్మ మొహం వెలిగిపోతోంది. కాసిని నీళ్లు తాగి, తేరుకున్న పెద్దదాని రెక్క పట్టుకుని ఆవిడ మళ్లీ లైన్లోకి వెళ్లింది. బుడంకాయ మాత్రం నడుం మీద చేతులేసుకుని అమ్మానాన్నల ఎదురుగా నిలబడింది. పొద్దుట్నుంచి తను ఒక్కటీ ఎక్కలేదని గుర్తుచేసింది. పూలమొక్కల మధ్య తిరిగే చిన్న రైలు ఒకటి అది ఎప్పుడో చూసి పెట్టుకుంది.

ఆ రైలు పెట్టెలు చిన్నపిల్లల కోసం చేసినవి. మెకానిక్ మోకాళ్లు గడ్డానికి తగిలాయి. వెనక పెట్టెలో భార్య పక్కకి తిరిగి గానీ పట్టలేదు. ఇంజిన్లో బుడంకాయ కూర్చుని గంట తాడు పట్టుకుంది. అమ్మానాన్నలిద్దరూ సరిగ్గా సర్దుకుని కూర్చున్నారో లేదో రెండుసార్లు వెనక్కి తిరిగి చూసి, అప్పుడు గంట కొట్టింది.