చెప్పింది తిరిగి చెప్పాలి

ఆ ఇంట్లో గుసగుసలు మొదలైంది తమ్ముడి మీద ప్రేమతోనే. "మెల్లగా, వాడు వింటాడు" అంటూ అమ్మా నాన్నా మూలమూలలా చెవులు కొరుక్కునేవారు. లేని గొంతులు వినిపించే జబ్బున్నవాడి దగ్గర గుసగుసలాడటమంటే అగ్నికి ఆజ్యం పోయడమే. పైగా అమ్మ పాలలో మాత్ర కలుపుతూ దొరికిపోయింది. దాంతో వాడు గదిలో గడియ పెట్టుకున్నాడు. నిన్నటినుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. సాయంత్రానికి తీయకపోతే తలుపు పగలగొట్టించి ఆసుపత్రికి మోయించుకుపోతానన్నాడు నాన్న.

అక్కకు ఒళ్ళు మండింది. ఆమెది కింద గదిలో దర్జీ దుకాణం. జబ్బు పడకముందు తమ్ముడే అక్కడ కటింగ్ మాస్టరు. ఆ దుకాణంలో ఒకటే చట్టం: టేపు పట్టినవాళ్ళు కొలత గట్టిగా చెప్పాలి, కత్తెర పట్టినవాళ్ళు దాన్ని తిరిగి చెప్పాకే గుడ్డ కోయాలి. అలా కోయని గుడ్డ ఎవరి ఒంటికీ పట్టదు. ఇంట్లో మాత్రం అందరూ వాణ్ణి అడక్కుండానే కోసేస్తున్నారు.

మెడలో టేపుతోనే మేడెక్కి తలుపు ముందు బాసింపట్టు వేసుకు కూర్చుంది.

"ఒరేయ్, అమ్మ పాలలో మాత్ర కలిపింది. తప్పు చేసింది. తిరిగి చెప్పు."

లోపలినుంచి తమ్ముడి గొంతు వచ్చింది. "అమ్మ కలిపింది. తప్పు చేసింది. గోడవతల నన్ను చంపేస్తామంటున్నారక్కా."

"ఎవరూ లేరురా కన్నా..." అని అమ్మ మెట్లమీంచి అందుకోబోతే అక్క కళ్ళెర్రజేసింది.

"చంపేస్తామంటున్నట్టు నీకు వినబడుతోంది. నాకు వినబడట్లేదు. నీకు మాత్రం భయంగా ఉంది. కొలత సరిపోయిందా?"

"సరిపోయింది." వాడు ఏడుస్తున్నాడు. "నిద్ర కూడా లేదక్కా. డాక్టరు దగ్గరికి వస్తా. కానీ నా సంగతి నేనే చెప్పుకుంటా."

"నీ సంగతి నువ్వే చెప్పుకుంటావు. మేం నోరు మూసుకుంటాం."

గడియ చప్పుడైంది.

డాక్టరు గదిలో తమ్ముడు తడబడుతూనే అంతా చెప్పాడు. నాన్న మధ్యలో నోరు తెరిచి, అక్క మొహం చూసి మూసేశాడు.

గొంతులు పూర్తిగా పోలేదు, పలచబడ్డాయి. గుసగుసలు మాత్రం ఇంట్లో ఒక్కటి మిగల్లేదు. కొన్ని నెలలకు ఒక పొద్దున అమ్మ వీధి వీధంతా వినేలా అరిచింది.

"మాత్ర వేసుకున్నావా?"

"వేసుకున్నా!"

దుకాణంలో అక్క టేపు లాగింది.

"భుజం పదిహేడు!"

"భుజం పదిహేడు!" అన్నాడు తమ్ముడు. కత్తెర గుడ్డలోకి దిగింది.