అన్నమ్మ జవాబు

తాయారమ్మకి ఇంగ్లీషు రావడం ఆ రైల్వే కాలనీ అంతటికీ గొప్పే. ఖరగ్‌పూర్‌లో స్టేషను మాస్టరుగా చేసిన తండ్రి ఆమెను పట్టుబట్టి మెట్రిక్ దాకా చదివించాడు. రాయ్‌పూర్ గూడ్సు ఆఫీసులో హెడ్ క్లర్కు మల్లేశ్వరరావుకి ఇచ్చి పెళ్లిచేసి పాతికేళ్లయినా ఆ ఇంగ్లీషు తుప్పు పట్టలేదు. కాలనీలో ఎవరికి టెలిగ్రాం వచ్చినా, డాక్టరు చీటీ రాసినా తాయారమ్మ గుమ్మం ఎక్కాల్సిందే. ఆవిడ కళ్లజోడు తుడుచుకుని, కాస్త ఆలస్యం చేసి మరీ చదివి చెప్పేది. ఆ ఆలస్యంలో ఉన్న రుచి ఆవిడకి తెలుసు. అందులో పెద్ద తప్పేమీ లేదు, మనిషన్నాక ఆ మాత్రం ఉంటుంది. కానీ జన్మలో చేసిన పెద్ద తప్పు కూడా ఆ ఇంగ్లీషుతోనే చేసింది.

అన్నమ్మది రైలు గేటు అవతలి బస్తీ. శ్రీకాకుళం వైపు నుంచి పొట్ట చేతబట్టుకు వచ్చిన కుటుంబం. మొగుడు అభన్‌పూర్ వెళ్లే చిన్నబండి లైన్లో గ్యాంగుకూలీగా చేస్తూ జ్వరంతో పోయాడు. అప్పట్నుంచీ లోకోషెడ్డులో బొగ్గు మోసి బతుకుతోంది. ఆ బస్తీలో అరవై ఇళ్లున్నాయి, ఒక్క కొళాయి లేదు. కొళాయి పట్టాలకి ఇవతల ఉంది. ఆడవాళ్లు బిందెలు నెత్తిన పెట్టుకుని నాలుగు లైన్లు దాటి వచ్చి, నాలుగు లైన్లు దాటి పోవాలి. ఒకరోజు పైడమ్మ అనే కోడలుపిల్ల నిండుబిందెతో దాటుతూ కాలు జారింది. పక్క లైన్లో వాగన్లు కదులుతున్నాయి. ప్రాణం దక్కింది గానీ పాదం పోయింది.

మర్నాడు అన్నమ్మ నలభైమంది ఆడవాళ్లని పోగేసి, ఖాళీ బిందెలతో మునిసిపాలిటీ ఆఫీసు మెట్ల మీద కూర్చోబెట్టింది. రెండురోజులు కదల్లేదు. బస్తీలోకి పైపు వేయిస్తామన్న మాటొకటి వచ్చింది. పైపు రాలేదు గానీ ఆ నలభైమంది మాత్రం విడిపోలేదు. అదే మహిళామండలి అయింది. తాయారమ్మ దానికి పేరు పెట్టింది, రిజిస్టరు పెట్టింది, అర్జీలు రాసింది, ప్రెసిడెంటు కుర్చీలో కూర్చుంది. కూర్చోమన్నది కూడా అన్నమ్మే.

యాభై మూడో సంవత్సరం చలికాలంలో, ఇంకో రెండు నెలల్లో మునిసిపల్ ఎన్నికలు అనగా, మిసెస్ హోల్డెన్ అనే అమెరికా ఆవిడ ఊళ్లోకి వచ్చింది. వాళ్ల ఊళ్లో ఆడ ఓటర్ల సంఘానికి పెద్ద. మన ఆడవాళ్ల సంఘాలు ఎలా నడుస్తున్నాయో చూడాలని ఊరూరూ తిరుగుతోంది. రైల్వే ఇన్‌స్టిట్యూటు వరండాలో జంపఖానాలు పరిచి మీటింగు పెట్టారు. ఆవిడ ఇంగ్లీషులో చెబుతుంటే తాయారమ్మ పక్కన నిలబడి తెలుగు చేసింది.

ఆవిడ డాబుసరి లేకుండా మాట్లాడింది. మా దేశంలో ఆడవాళ్లకి ఓటు వచ్చి ముప్పై ఏళ్లు దాటిపోయింది, అయినా మా పెద్ద సభలో నాలుగు వందల పైచిలుకు కుర్చీలుంటే ఆడవాళ్లు పట్టుమని పదిహేనుమంది లేరు అంది. ఎన్నికలొస్తే కవర్లు అంటించేదీ, ఇల్లిల్లూ తిరిగేదీ, కాఫీలు కాచి పోసేదీ మేమే, కుర్చీలో కూర్చునేది మాత్రం మగవాళ్లు అంది. జంపఖానా మీద నవ్వులు లేచాయి. ఇంత దూరం నుంచి వచ్చి మన ఇంటి సంగతే చెబుతోందేమిటని ఒకావిడ అంది కూడా.

అప్పుడు మిసెస్ హోల్డెన్ ముందు వరసలో ఉన్న అన్నమ్మని చూసింది. మెట్ల మీద కూర్చున్న కథంతా అంతకుముందే విన్నది. రేపు వచ్చే ఎన్నికల్లో ఈ వార్డు నుంచి మీలో ఎవరు నిలబడతారని ఆమెనే అడిగింది. తాయారమ్మ ఆ ప్రశ్నని ఉన్నదున్నట్టే తెలుగు చేసింది.

అన్నమ్మ లేచి నిలబడింది. బొగ్గు మసి వదలని చెయ్యి గుండెల మీద వేసుకుంది.

"నాను నిలబడతాను. పట్టాలు దాటి నీల్లు మోసేది మేము. ఆ కుర్సీల నానే కూకోవాల."

మిసెస్ హోల్డెన్ తాయారమ్మ వంక చూసింది. తాయారమ్మ ఎందుకో అంతవరకూ, ఆ ప్రశ్నకి జవాబు తానేనని లోపల ఎక్కడో అనుకుంటూనే ఉంది. మెట్రిక్ చదివింది తను. అర్జీలు రాసింది తను. చీర కుచ్చిళ్లు సర్దుకుని నిలబడ్డది తను. పోనీ, వేలిముద్ర వేసే మనిషికి ఏ పార్టీవాళ్లు సీటిస్తారు? ఇవన్నీ తర్వాత అల్లుకున్న సాకులు. ఆ క్షణాన మాత్రం ఏ సాకూ లేదు, వట్టి కడుపుమంట. ఆ మంటలోనే ఇంగ్లీషులో జవాబు చెప్పేసింది.

"అన్నమ్మ నన్ను నిలబడమంటోంది. చదువుకున్నదాన్ని గనక అందరి తరపునా నేనే వెళ్లాలంటోంది."

మిసెస్ హోల్డెన్ మొహం విప్పారింది. గబగబా వచ్చి తాయారమ్మ రెండు చేతులూ పట్టుకుని ఊపింది. వెంట వచ్చినతను ఫోటో తీశాడు. అన్నమ్మ కాసేపు అలాగే నిలబడి, కొంగు సర్దుకుని కూర్చుంది.

మిగతాదంతా దానంతటదే జరిగిపోయింది. ఆ సాయంత్రం టీ దగ్గర మిసెస్ హోల్డెన్ ఊళ్లో పెద్ద వకీలుకి ఈ సంగతి చెప్పి మెచ్చుకుంది. వారం తిరక్కుండా పార్టీవాళ్లు మల్లేశ్వరరావు ఇంటికొచ్చి, బస్తీ ఆడవాళ్లే అడుగుతున్నారట కదా, మీ ఆవిడని నిలబెడతాం అన్నారు. మల్లేశ్వరరావు ఎగిరి గంతేశాడు. తాయారమ్మ మండలిలో, వాళ్లు వచ్చి అడిగారు, కాదనలేకపోయాను అంది. తలెత్తి చెప్పలేకపోయింది. అన్నమ్మ మాత్రం మీకు సదువుంది అమ్మగోరూ, మంచిదే అంది. అనడమే కాదు, బస్తీలో ఇల్లిల్లూ తిరిగి, కుంటుకుంటూ వచ్చే పైడమ్మని వెంటేసుకుని, తాయారమ్మకి ఓట్లు అడిగింది. తాయారమ్మ నూట ఎనభై ఓట్ల తేడాతో గెలిచింది.

గెలిచాక సిగ్గు మొదలైంది. అన్నమ్మ కనిపిస్తే ఊరగాయ జాడీ చేతిలో పెట్టేది, పాతవి కాదు, కొత్త చీరలే ఇచ్చేది. అన్నమ్మ తీసుకునేది, నవ్వేది. ఆ నవ్వు చూస్తే తాయారమ్మకి ఆ పూట అన్నం సయించేది కాదు. మల్లేశ్వరరావు, మెంబరు గారికి అరగడం లేదంటూ వాము నీళ్లు ఇచ్చేవాడు.

కౌన్సిల్లో ఆవిడొక్కతే ఆడమనిషి. మొదటి మీటింగులో కొళాయి మాట ఎత్తబోయింది. పక్క కుర్చీ ఆయన మర్యాదగానే, బెహెన్‌జీ, ముందు అన్నీ గమనించండి, తర్వాత చెబుదురు గాని అన్నాడు. కూర్చుంది. రెండో మీటింగులో బజారు గొడవల మధ్య సందు దొరకలేదు. మూడోసారి లేచి, కాలనీలో దీపాలు కావాలని అడిగి కూర్చుంది. దీపాలైతే ఎవరూ కాదనరని ఆవిడకి తెలుసు. కాలనీకి దీపాలు వచ్చాయి. బస్తీ ఆడవాళ్లు ఆ దీపాల వెలుగులోనే పట్టాలు దాటుతున్నారు. అన్నమ్మ కొళాయి సంగతి అడిగితే తాయారమ్మ, మాట నడుస్తోంది అనేది. నాలుగు నెలలు అలాగే గడిచాయి.

అప్పుడు అమెరికా నుంచి ఉత్తరం వచ్చింది. విప్పి, నిలబడే చదివింది తాయారమ్మ. సగంలో పీట లాక్కుని కూర్చుంది. ఆ ఉత్తరాన్ని రెండురోజులు బియ్యం డబ్బా కింద దాచింది. మూడోరోజు మధ్యాహ్నం అన్నమ్మే వచ్చింది. పోస్టుమేన్ ఎవరికి ఏం తెచ్చాడో గేటు దగ్గర అందరికీ తెలుసు.

"ఆ దొరసాని ఉత్తరం రాసిందట గదా, నాకు సదివి ఇనిపించండి" అంది గడప దగ్గర కూర్చుంటూ.

తాయారమ్మ ముందు ఉత్తరంతోపాటు వచ్చిన ఫోటో ఇచ్చింది. అందులో మిసెస్ హోల్డెన్ తాయారమ్మ చేతులు పట్టుకుని నవ్వుతోంది. పక్కన అన్నమ్మ నిలబడి ఉంది. చెయ్యి ఇంకా గుండెల మీదే ఉంది. అన్నమ్మ ఆ ఫోటోని చాలాసేపు చూసి ఒళ్లో పెట్టుకుంది.

తాయారమ్మ ఉత్తరం తీసింది. కళ్లజోడు తుడుచుకోలేదు, ఆలస్యం చెయ్యలేదు. ఎక్కడైనా ఆగితే మళ్లీ అబద్ధమే వస్తుందని భయం. తాయారమ్మ గెలిచినందుకు మిసెస్ హోల్డెన్ సంతోషపడింది. తరవాత ఇలా రాసింది. ఇది అన్నమ్మకి చదివి వినిపించండి. అన్నమ్మా, తన చోటుని స్నేహితురాలికి ఇచ్చిన మనిషని మా ఊళ్లో మీటింగుల్లో నీ గురించి చెబుతున్నాను. అందరూ చప్పట్లు కొడుతున్నారు. కానీ ఇంటికొచ్చాక నాకు నిద్రపట్టడం లేదు. మా దేశంలోనూ ఆడవాళ్లు, నేను కాదు, ఆవిడ అంటూనే వెనక ఉండిపోతారు. నిన్ను నేను రెండోసారి అడిగి ఉండాల్సింది. ఇప్పుడు అడుగుతున్నాను. అన్నమ్మా, నువ్వెందుకు నిలబడలేదు?

తాయారమ్మ కాగితం కింద పెట్టింది. కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"నువ్వు నిలబడతానన్నావు అన్నమ్మా. నేను ఆవిడకి ఆ మాట చెప్పలేదు. నన్ను నిలబడమన్నావని చెప్పాను. నీ కుర్చీ నేను దొంగిలించాను."

అన్నమ్మ మొహంలో ఆశ్చర్యం లేదు.

"నాకు తెలుసమ్మగోరూ" అంది. "నాకు ఇంగ్లీసు రాదు. కానీ మాటాడింది నాను. ఆయమ్మొచ్చి మీ సేతులు పట్టుకుంది. అప్పుడే తెలిసిపోనాది."

తెలిసీ ఓట్లడిగిందా. తెలిసీ ఊరగాయ జాడీ అందుకుని నవ్విందా. మరి ఎందుకు అడగలేదని తాయారమ్మ మెల్లిగా అంది.

"మీరే సెప్తారని సూసినాను. ఓట్లయ్యేదాకా సూసినాను. ఆనక, పోనీలే, కొలాయొస్తే సాలనుకున్నాను. అదీ రానేదు."

తాయారమ్మ రేపే రాజీనామా రాసిచ్చేస్తానంది. ఇంగ్లీషులో రాస్తాను, హిందీలో రాస్తాను, చేసిందంతా పూసగుచ్చినట్టు రాస్తానంది. అన్నమ్మ అడ్డంగా తలూపింది. మీరు లేస్తే ఆ కుర్చీలో మళ్లీ మగోడే కూకుంటాడంది. ఏడుపు తర్వాత ఏడవండి, నాకు దానితో పని లేదంది. అంత కటువుగా ఆమె మాట్లాడగా తాయారమ్మ ఎన్నడూ వినలేదు. కొట్టినా ఇంతకంటే సుఖంగా ఉండేదనిపించింది.

అన్నమ్మ లేచింది. ఫోటోని కొంగులో చుట్టుకుంది.

"రేపు మీటింగుంది గదా. నాను సెప్పిందే సెప్పండి. పైడమ్మ పాదం సంగతి, అరవై ఇల్ల సంగతి. ఒక్క మాట మార్సకండి. నానొచ్చి ఎనకాల బల్ల మీద కూకుంటాను." గడప దాటి ఒక్కసారి వెనక్కి తిరిగింది. "అక్కడ మాటాడేది హిందీయే గదమ్మగోరూ. హిందీ నాకొచ్చు."