మరిగినా చావని ప్రొటీన్

లక్ష్మీనరసింహం గారికి సైన్సు మీద ఎంత నమ్మకమో, ముహూర్తాల మీద అంతకు రెండింతలు. గుంటూరు పక్కన ఆయన నడిపే లాబొరేటరీలో కొత్త సీసా మూత తియ్యాలన్నా వర్జ్యం చూడాల్సిందే. అటువంటి ప్రొఫెసరు విజయదశమిని ఊరికే పోనిస్తారా? సెంట్రిఫ్యూజుకు గంధం పూసి, త్రాసుకు బొట్టు పెట్టి, ఫ్రీజరుకు బంతిపూల దండ వేశారు. యంత్రాలు మాత్రం మనుషులు కావా, సెలవులు అయ్యేదాకా వాటికీ విశ్రాంతి కావాలన్నారు. అని, స్వహస్తాలతో అన్నిటి ప్లగ్గులూ పీకేశారు. ఫ్రీజరుది కూడా.

ఆ ఫ్రీజరులో సీతారత్నం ప్రాణం ఉంది.

చీరాల నుంచి వచ్చి ఆయన దగ్గర రీసెర్చి చేస్తున్న సీతారత్నం, పత్తిని తినే శనగపచ్చ పురుగును చంపే ఒక వైరస్ వెంట పడింది. పురుగు ఒంట్లో చేరిన వైరస్ ఒక ప్రొటీన్ సాయంతో తన డీఎన్‌ఏకు నకళ్లు తీసుకుంటుంది. ఆ ప్రొటీన్ తాలూకు జన్యువును కత్తిరించి, బాక్టీరియాలో పెట్టి, ఆ బాక్టీరియాను పెంచి పగలగొట్టి, ఆ మడ్డిలోంచి తనకు కావలసిన ఒక్క ప్రొటీన్‌నూ ఏరి తీసేసరికి ఆమె కళ్ల కింద నల్లచారలు వచ్చాయి. ప్రొటీన్లను వేరుచేసి చూపే జెల్ మీద ఒంటరిగా నీలిగీత కనిపించిన రోజు హాస్టలంతా మిఠాయి పంచింది. సెలవులకు ముందు చేసిన పరీక్షల్లో అది పనిచేస్తున్నట్టే కనిపించింది. అదే ఖాయంగా తేలితే డాక్టరేటు వస్తుంది. డాక్టరేటు వస్తే సొంత ఊరి కాలేజీలో ఉద్యోగం ఖాయం.

సెలవుల తర్వాత ఫ్రీజరు తెరిస్తే గోరువెచ్చని నీళ్లూ, కుళ్లిన బంతిపూల వాసనా. సీతారత్నం అక్కడే కూలబడి ఏడ్చింది.

"ఏడుపెందుకమ్మాయ్? పరీక్ష చేసి చూడు ముందు," అన్నారు ప్రొఫెసరు గారు.

పరీక్ష తేలికే. ప్రొటీన్ బతికుంటే, రేడియో ధార్మికత అంటించిన చిన్న ముక్కల్ని కలిపి కొత్త డీఎన్‌ఏ పోగు అల్లుతుంది. పోగు వడపోత కాగితం మీద నిలబడుతుంది. విడి ముక్కలు చల్లటి యాసిడ్‌తో కడిగితే పోతాయి. మిగిలినదాన్ని యంత్రం లెక్కపెట్టి చెబుతుంది. ఆ రోజు కూడా అది ఎప్పటి అంకే చెప్పింది.

"అమ్మవారి మహిమ!" అని ప్రొఫెసరు గారు చెంపలు వేసుకున్నారు.

సీతారత్నానికి మహిమ కనిపించలేదు. అన్ని రోజులు గుంటూరు వేడిలో పడున్న ప్రొటీన్‌కు జలుబైనా చెయ్యకపోవడమేమిటి? దాన్ని తీసుకెళ్లి సలసల మరిగించింది. అదే అంకె. ప్రొటీన్ తీసేసి ఉత్త నీళ్లు పోసింది. మళ్లీ అదే అంకె.

కారణం వెతకడానికి దూరం పోనక్కర్లేదు. చల్లటి యాసిడ్‌కు ఐసు కావాలి. సోడా కొట్టు నుంచి తెచ్చిన ఐసు దారిలో సగం కరిగేది, మిగిలిన సగం ప్రొఫెసరు గారి అతిథుల నిమ్మరసంలోకి పోయేది. అందుకే కాగితాలు పైపైన కడిగితే చాలని ఆయన సెలవిచ్చారు. యంత్రం ఇన్నాళ్లూ లెక్కపెట్టింది కాగితానికి అంటుకుపోయిన ఆ విడి ముక్కలనే. ప్రొటీన్ బదులు నీళ్లు పోసి సరిచూద్దామని సీతారత్నం మొదట్లోనే అడిగింది. "బొంబాయి నుంచి తెప్పించిన రేడియో ధార్మిక సరుకు నీళ్లపాలు చేస్తావా?" అని కసిరారాయన.

ఇప్పుడు అంతా చెబితే ఆయన మొహం వెలిగిపోయింది. "అంటే మరిగించినా చావలేదన్నమాట! కరెంటు లేని పల్లెలకు ఇంతకంటే ఏం కావాలి? నీళ్ల సంగతి మాత్రం మర్చిపో. డాక్టరేటు కావాలా, వద్దా?"

ఆ వారమే రైతుల సదస్సు పెట్టించారు. అంతకు ముందేడు, ఎనభై ఏడులో, పురుగు పత్తినే కాదు, పత్తి వేసినవాళ్లనూ తినేసింది. అందుకని హాలు కిటకిటలాడింది. ప్రొఫెసరు గారు బొట్టు పెట్టిన గాజుగొట్టాన్ని పైకెత్తి, పురుగు అంతు చూసే వజ్రాయుధం ఇదేనన్నారు. చప్పట్లు మోగాక సీతారత్నాన్ని రెండు ముక్కలు మాట్లాడమన్నారు.

ఆమెకు చీరాల కాలేజీ గుర్తొచ్చి భయం వేసింది. ఎదుట ఆశగా చూస్తున్న మొహాలు చూసి అంతకన్నా సిగ్గేసింది.

"ఇది పురుగు మందు కాదండీ. ఇది పనిచేస్తుందని నా దగ్గర రుజువు కూడా లేదు. దీని బదులు ఉత్త నీళ్లు పోసినా మాకు ఇదే ఫలితం వచ్చింది."

ప్రొఫెసరు గారి మొహం మాడిపోయింది. వెనక వరసలోంచి వినుకొండ వైపు రైతు దానయ్య లేచాడు.

"నీళ్లేనామ్మా? మా ఊరి మందుల కొట్టోడు రెండేళ్లుగా మాకు అయ్యే అమ్మాడు. నీళ్లని చెప్పినదానివి నువ్వొక్కదానివే తల్లీ."



డాక్టరేటు ఆగింది, చీరాల ఉద్యోగం ఇంకెవరికో పోయింది. సీతారత్నం కావలసినంత ఐసు తానే మోసుకొచ్చి కాగితాలు తృప్తిగా కడిగింది. ఈసారి ప్రొటీన్ పోసినా అంకె అడుగంటింది. దసరాకు ముందు ఆ ప్రొటీన్ పనిచేసేదో లేదో ఇక ఎవరూ చెప్పలేరు. అదే ఆమెకు అన్నిటికన్నా కడుపుమంట. ఆ జన్యువు పెట్టి బీరువాలో దాచిన బాక్టీరియా మాత్రం మొండిగా బతికే ఉంది. దానితో మళ్లీ మొదలుపెట్టింది.

మరుసటి దసరాకు ఫ్రీజరు మీద ఒక కాగితం వెలిసింది: 'పూజ చేసుకోవచ్చు. ప్లగ్గు పీకకూడదు.' లక్ష్మీనరసింహం గారు ఆ కాగితానికి కూడా భక్తిగా బొట్టు పెట్టి, ఆశ చావక ప్లగ్గు వైపు చూశారు.

సీతారత్నం దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది.