పంపినవారి పేరు

పాలగిన్నె అడుగంటింది. పీచుతో ఎంత తోమినా నల్లటి మరక వదలడం లేదు. ఆమె చేతులు సింకులో ఉండగానే హాల్లోంచి భర్త కేకేశాడు. "షాపుకెళ్ళగానే ఆ మెయిల్ పంపేయాలి, అంతా రెడీగా పెట్టాను. పొద్దున్నుంచి ఏం చేస్తున్నావ్?" పొద్దున్నుంచి ఏం చేసిందో ఆ గిన్నెకి తెలుసు, అత్తగారు పోసుకున్న వేణ్ణీళ్ళకి తెలుసు, ఇస్త్రీ చేయించుకుని ఆయన ఒంటిమీదే కూర్చున్న చొక్కాకీ తెలుసు. అది జవాబు కోసం అడిగిన ప్రశ్న కాదు కాబట్టి ఆమె చెప్పలేదు.

వాళ్ళది పరుపుల షాపు. ముందు భాగంలో భర్త, మరిది కూర్చుంటారు. వెనక, ప్లాస్టిక్ కవర్ల వాసన కొట్టే పరుపుల దొంతరల మధ్య ఆమె బల్ల, కంప్యూటరు. కొన్నవాళ్ళకి రసీదు, డెలివరీ ఎప్పుడో చెప్పే మెయిలు, కొత్త సరుకు వస్తే కబురు, అన్నీ ఆమే పంపుతుంది. పెళ్ళయిన కొత్తలో జీతం మాటెత్తితే, "సొంత షాపులో జీతమేంటి, ఎవరైనా వింటే నవ్విపోతారు" అన్నారు. నవ్వులపాలు కావడం ఎందుకులే అని ఊరుకుంది. పని మాత్రం శుభ్రంగా చేసేది. పంపమని అడిగినవాళ్ళకే పంపేది. వద్దన్నవాళ్ళని ఆ రోజే తీసేసేది. మెయిలు కింద షాపు పేరు, చిరునామా రాసి, "ఇక వద్దనుకుంటే ఇక్కడ నొక్కండి" అన్న లైను కళ్ళద్దాలు లేకపోయినా కనపడేలా నల్లగా పెట్టేది. చట్టం అడిగేదీ అంతే, మర్యాద అడిగేదీ అంతే. ఒక మనిషి వద్దంటే వద్దు అని ఆగే చోటు ఆమె బతుకులో ఆ బల్ల ఒక్కటే. బహుశా అందుకే ఆ పనంటే అంత ఇష్టం.

అమ్మకాలు తగ్గాయని మరిది ఎక్కడినుంచో వేలకొద్దీ చిరునామాలు పట్టుకొచ్చాడు. "ఎవరివి ఇవి?" అంటే, "ఎవరివైతే ఏంటి వదినా, అందరూ పడుకునేవాళ్ళేగా!" అని తన జోకుకి తనే నవ్వుకున్నాడు. షాపు పేరుతో వస్తే ఎవడూ తెరవడు, ఆడపేరుతో వస్తే వేలు ఆగదు అని భర్త కనిపెట్టాడు. ముందురోజు ఆమె వంటింట్లో ఉండగా తనే కూర్చుని, పంపినవారు అన్నచోట ఆమె పేరు పెట్టాడు. ఆ పేరు ఇక్కడ మళ్ళీ రాయడం లేదు, ఇప్పటికే అది చేరకూడని చోట్లన్నిటికీ చేరింది. మెయిలు దేని గురించో చెప్పాల్సిన పై లైనులో, "నిన్న మీతో మాట్లాడలేకపోయాను" అని రాశాడు. లోపల చూస్తే పరుపుల మీద తగ్గింపు ధరలు. వద్దనుకునేవాళ్ళు నొక్కాల్సిన లైను తెలుపు మీద తెలుపులో కలిసిపోయింది.

షాపులో తెర మీద ఆమె అదంతా చదివింది. "నన్నడక్కుండా నా పేరెలా పెట్టారు?" అంది.

"ఇంట్లో మనిషిని అడగడమేంటి?" ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"వాళ్ళెవరితోనూ నేను మాట్లాడలేదండీ. అడగనివాళ్ళకి పంపడం ఒక తప్పు, అబద్ధం చెప్పి తెరిపించడం ఇంకో తప్పు. విసుగొచ్చి జనం స్పామ్ అని నొక్కారంటే, రేపు మన రసీదులు కూడా ఆ చెత్తబుట్టలోకే పోతాయి."

"పాఠాలు తర్వాత చెబుదువుగాని." ఆమె భుజం మీదుగా చెయ్యి చాచి ఆయనే నొక్కి పంపేశాడు.

జవాబులు వచ్చాయి. ఆమె పేరు పెట్టి పిలుస్తూ వచ్చాయి. డెలివరీకి మీరు కూడా వస్తారా అని ఒకడు. పరుపు ఒక్కటే అమ్ముతారా అని ఇంకొకడు. నీకు సిగ్గులేదా అని ఎవరో పెద్దావిడ. చిన్నప్పుడు అమ్మ ముద్దుగా పిలిచిన పేరు, బడిలో హాజరు పలికిన పేరు, అత్తవారింట్లో 'అమ్మాయ్', 'వదినా', 'ఏయ్'ల కింద పడి ఎవరూ వాడక మూలనున్న పేరు. తీరా ఇన్నేళ్ళకి బయటికి తీసింది ఇందుకా అనిపించింది. ఒక్కొక్కటీ తీసేస్తూ వెళ్తుంటే చివర్లో ఒకటి కనపడింది. "మీరెవరో నాకు తెలీదు. నిన్న మావారితో ఏం మాట్లాడాలనుకున్నారు? ఆయన తనకేం తెలీదంటున్నారు. ఇదివరకు ఒకసారి కూడా ఇలాగే తెలీదన్నారు. మీరైనా నిజం చెప్పండి."

ఆమె ఆ మెయిలు మళ్ళీ మొదట్నుంచీ చదివింది. ఎక్కడో ఒక ఇంట్లో ఒకావిడ తన పేరుని కూడబలుక్కుని చదువుకుంటూ, ఈ మనిషి ఎలా ఉంటుందో ఊహించుకుంటూ ఉంటుంది. తన పేరు ఇంకో ఆడమనిషి గుండెలో ముల్లయి కూర్చుంది. ఏడుపొచ్చింది. భర్తని పిలిచి చూపిస్తే పొంగిపోయాడు. "చూశావా, తెరిచారు!" అంటూ ముందు గదిలో ఉన్న తమ్ముడిని కేకేశాడు. "ఒరేయ్, పనిచేసిందిరా!"

ఆ పొంగు ఎంతోసేపు నిలవలేదు. ఆమె చెప్పినట్టే జనం స్పామ్ అని నొక్కారు. దాంతో షాపు నుంచి వెళ్ళే ప్రతిదాన్నీ మెయిల్ కంపెనీలు అనుమానంగా చూడడం మొదలుపెట్టాయి. డెలివరీ మెయిలు కనపడక ఒకాయన ఇంటికి తాళం వేసుకుని వెళ్ళిపోయాడు. వ్యాను పరుపుతో వెనక్కొచ్చింది. ఆయన షాపుకొచ్చి అందరి ముందూ భర్తని దులిపేశాడు. ఆ కోపం భోజనాల దగ్గర ఆమె మీదికి తిరిగింది.

"నీ పేరు కలిసిరాలేదు. కొత్త మెయిల్ ఖాతా తెరిచి ఇంకో ఆడపేరు పెట్టాలి."

"అక్క పేరు పెడదాం," అన్నాడు మరిది. "పిలవడానికి కూడా బాగుంటుంది."

అత్తగారి చేతిలో ముద్ద ఆగిపోయింది. "ఛీ, నోర్ముయ్! ఇంటి ఆడపిల్ల పేరు వీధిలో పెడతారా? కావాలంటే దీని పేరే ఇంకోలా రాసుకోండి."

వడ్డిస్తున్న గరిటె ఆమె చేతిలో ఉంది. ఎవరూ ఆమె వైపు చూడలేదు, ఎందుకంటే అక్కడ ఎవరికీ తప్పు మాట వినపడలేదు. ఆడపడుచు పేరు పేరు. తనది షాపులో సామాను. తల కొట్టేసినట్టయింది. అయినా అందరికీ మారు వడ్డించింది. తను తిన్నదో లేదో తర్వాత గుర్తులేదు.

మర్నాడు ఎవరికీ చెప్పకుండా మరిది తెచ్చిన చిరునామాలన్నీ చెరిపేసింది. మొదట ఆ ఇల్లాలికి రాసింది. "మీవారు నాకు తెలీదు. ఆయనతో నేనెప్పుడూ మాట్లాడలేదు. అది పరుపులమ్మడానికి మా షాపు రాసిన అబద్ధం. ఆ పేరు మాత్రం నాదే. క్షమించండి." జవాబు రాలేదు. అదీ స్పామ్‌లోనే పడి ఉంటుంది. చేరినా నమ్మి ఉండదు.

తర్వాత, మొదట్నుంచీ పంపమని అడిగిన పాత ఖాతాదారులకి ఇంకొకటి. పై లైనులో "మా పరుపుల షాపు నుంచి క్షమాపణ" అని ఉన్నదున్నట్టు రాసింది. అబద్ధపు మెయిలు పంపామని, ఇకమీదట అడగనివాళ్ళకి పంపబోమని రాసింది. వద్దనుకుంటే నొక్కే లైను అన్నిటికంటే పైన, నల్లగా పెట్టింది. పంపినవారు అన్నచోట తన పేరు తీసేసి, షాపు ఎవరిదో ఆయన పేరు పెట్టి, ఫోన్ నంబరు కూడా జతచేసింది.

కొందరికైనా చేరినట్టుంది. ముందు గదిలో ఫోను మోగడం మొదలై ఆగలేదు. కాసేపటికి భర్త పరుపుల మధ్యనుంచి తోసుకుంటూ వచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది.

"నన్నడక్కుండా నా పేరెలా పెట్టావ్? అందరి ఫోన్లలోనూ నా పేరు! ఒక్కొక్కడూ ఎంతెంత మాటంటున్నాడో తెలుసా? నలుగురిలో నేను తలెత్తుకు తిరగొద్దా?"

ఆమె ఆయన మొహంలోకి చూసింది. ఎగతాళి చేద్దామనుకుంది గానీ అంత ఓపిక లేదు.

"తెలుసండీ," అంది. "ఎంతెంత మాటంటారో నాకు తెలుసు."

ఆయన గొంతు తగ్గించి, బుజ్జగిస్తున్నట్టుగా, "సర్లే, అయిందేదో అయింది. నాది తీసేసి నీదే పెట్టెయ్," అన్నాడు.

"ఇవ్వను," అంది ఆమె.

ఆ ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచి ఆమె ఇవ్వనన్నది అదొక్కటే.